నేను నేర్పిన జవాబు

మీలో ఎవరైనా ఈమధ్యే పటాన్‌చెరు వైపు ఏదో ఒక మందుల ఫ్యాక్టరీలో చేరి ఉంటే, చేరిన కొద్దిరోజులకే ఆడిట్ అనే మాట వినే ఉంటారు. ఆడిట్ వస్తుందంటే గోడలకు రంగులు పడతాయి, మరుగుదొడ్లలో సబ్బు ప్రత్యక్షమవుతుంది, క్యాంటీన్ పప్పులో పప్పు కనిపిస్తుంది. గోడలకు రంగేస్తే సరిపోదు, మనుషులకు కూడా వేయాలి. మా ఫ్యాక్టరీలో ఆ పని నాది.

నేను మాత్రలు తయారయ్యే విభాగంలో హెల్పర్‌గా చేరి, షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా రిటైరయ్యాను. యంత్రాల సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు చాలామంది ఉండేవారు. తనిఖీకి వచ్చినవాడు ప్రశ్న అడిగితే మామూలు పనివాడు తడబడకుండా ఎలా జవాబు చెప్పాలో నేర్పడంలో మాత్రం నన్ను మించినవాడు లేడని మావాళ్లు అనేవారు. పక్క కంపెనీవాళ్లు కూడా ఆడిట్ ముందు నన్ను రెండు పూటలు పంపమని అడిగేవారు. ఈ గొప్పంతా ఎందుకు చెబుతున్నానంటే, నన్ను తలదించుకునేలా చేసింది ఆ విద్యే కాబట్టి.

నేను నేర్పేది పెద్ద శాస్త్రమేమీ కాదు. అడిగినదానికే జవాబు చెప్పాలి. సాగదీయకూడదు, చేతులు నలపకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తెలియకపోతే తెలియదు అనకూడదు. "మా సూపర్‌వైజర్‌ని అడిగి చెప్తా సార్" అనాలి. ఈ జవాబుకు ఎదురు ప్రశ్న ఉండదు. తెలియదన్నవాడిని పట్టుకుని ఇంకో నాలుగు అడుగుతారు. అడిగి చెప్తానన్నవాడిని పద్ధతి తెలిసినవాడని మెచ్చుకుని వదిలేస్తారు.

డ్రమ్ములు తోసే పనిలో బీహార్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. పాపం, వారమంతా ఆ ఒక్క వాక్యాన్నే వల్లె వేశాడు. ఆడిట్ రోజున తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఆయన భుజం మీద చెయ్యేసి, మీ పేరేమిటి అని అడిగాడు. ఈయన అటెన్షన్‌లో నిలబడి, "సూపర్‌వైజర్ సే పూఛ్‌కే బతాతా హూఁ సాబ్" అన్నాడు. పక్కనే ఉన్న నాకు చెమటలు పట్టాయి. ఆ పెద్దమనిషి నవ్వేసి ముందుకు కదిలాడు, మా ఆడిట్ గట్టెక్కింది. ఆ ముచ్చట చాలా ఏళ్లు మా క్యాంటీన్‌లో నడిచింది. ఇంట్లో చెబితే అందరికంటే ఎక్కువ నవ్వింది మావాడు. వాడు మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు.

మావాడు మాకు ఒక్కడే కొడుకు. పుట్టగానే ఏడవలేదు. నడక ఆలస్యం, మాట ఆలస్యం, బడిలో ప్రతి తరగతీ ఆలస్యం. హైదరాబాదులో ఒక డాక్టరు చూసి, బుద్ధి ఎదుగుదలలో లోపం ఉంది, వయసు పెరిగినా ఇది పూర్తిగా సర్దుకోదు అన్నాడు. నేను డాక్టరును మార్చాను. రెండో ఆయన కూడా అదే మాట అంటే డాక్టర్ల దగ్గరికి వెళ్లడమే మానేశాను. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లను నిలబెట్టి తయారు చేసినవాడిని, కన్నకొడుకును తయారు చేసుకోలేనా అని నా పొగరు.

చేశాను కూడా. పేరు, ఊరు, వీధి, నా ఫోను నంబరు అన్నీ గడగడా చెప్పేవాడు. తెలియని ప్రశ్న వస్తే ఏమనాలో అదీ నేర్పాను. "మా బాపును అడిగి చెప్త" అనేవాడు. కిరాణా కొట్టాయన ఏదో లెక్క అడిగినా అదే, పెళ్లిలో ఎవరో చుట్టం నువ్వేం చదివినవ్ అని అడిగినా అదే. ఈ రోజుల్లో తండ్రి మాట జవదాటని పిల్లలు ఎక్కడున్నారని చుట్టాలు మురిసిపోయేవారు. నేను పక్కనే నిలబడి మెప్పు తీసుకునేవాణ్ణి.

గడియారం చూడడం నేర్పడం మాత్రం నాకు పంతమైంది. షిఫ్ట్ డ్యూటీ చేసేవాడి కొడుక్కి టైం తెలియకపోతే ఎలా? అట్టముక్క గుండ్రంగా కోసి, అంకెలు వేసి, మధ్యలో గుండుసూది గుచ్చి, చీపురుపుల్లలు ముళ్లుగా పెట్టాను. చిన్న ముల్లు, పెద్ద ముల్లు. నేర్పాను, అరిచాను, ఒకటి రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను. ఏళ్లు గడిచాయి. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి టైమెంత అని అడిగితే వాడు సరిగ్గా చెప్పాడు. మర్నాడూ చెప్పాడు. ఆ ఆదివారమే వాడికి చేతి గడియారం కొన్నాను.

అప్పటినుంచి అది మా ఇంట్లో రోజూ జరిగే తంతు. నేను చెప్పులు విడుస్తూ "టైమెంతైంది కొడుకా?" అని అడిగేవాణ్ణి. వాడు గడియారం వైపు శ్రద్ధగా చూసేవాడు. "ఉండు బాపు, నీళ్లు తాగొచ్చి చెప్త" అని వంటింట్లోకి వెళ్లేవాడు. వచ్చి చెప్పేవాడు. ఎన్నడూ తప్పలేదు. ఆలోచించుకోవడానికి వాడికి కొంచెం సమయం కావాలని నేను నాకు చెప్పుకున్నాను.

ఒక మాట చెప్పాలి. మంచి ఆడిటర్‌కూ చెడ్డ ఆడిటర్‌కూ తేడా రెండో ప్రశ్నలో ఉంటుంది. మొదటి ప్రశ్న ఎవడైనా అడుగుతాడు. టైం చెప్పడానికి నీళ్లెందుకు తాగాలి అని నేను ఎన్నడూ అడగలేదు.

మాతోపాటు ఫిట్టర్‌గా చేసిన ఒకతను ఉద్యోగం మానేసి బొంతపల్లి దగ్గర అట్టపెట్టెల షెడ్డు పెట్టుకున్నాడు. నాకు తమ్ముడి లెక్క. వాడే మావాణ్ణి పనిలో పెట్టుకున్నాడు. మావాడు అట్టలు మడిచి పెట్టెలు చేసేవాడు. ఆ పని చక్కగా చేసేవాడు, అంచులు నలగకుండా. ఫ్యాక్టరీలో ఎవరైనా మీవాడేం చేస్తున్నాడని అడిగితే "బొంతపల్లి దగ్గర ప్యాకింగ్‌లో ఉన్నడు" అనేవాణ్ణి. అబద్ధం ఒక్క ముక్క లేదు. అవతలివాడు ఏదో కంపెనీలో ప్యాకింగ్ ఆఫీసరు అనుకుంటే అది వాడి తప్పు. కంపెనీ వార్షికోత్సవానికి కుటుంబాలతో రమ్మనేవారు. బస్సులో ఇరుకు, వాడికి పడదు అని ప్రతి ఏడూ ఇంట్లోనే ఉంచేవాణ్ణి. వాడికి బస్సంటే ప్రాణం. పడనిది నాకు.

నేను రిటైరయ్యాను. ఆ మరుసటి ఏడే గుండెనొప్పి వచ్చి స్టెంటు వేశారు. అదే సమయంలో షెడ్డులోకి పెట్టెలు మడిచే మిషను వస్తుందని తెలిసింది. షెడ్డు తమ్ముడు నన్ను చూడడానికి ఇంటికి వచ్చాడు. కాసేపు ఆరోగ్యం గురించి అడిగి, టీ గ్లాసు చేతిలో తిప్పుతూ అసలు మాట ఎత్తాడు.

"అన్నా, నేనున్నన్ని రోజులు పిల్లగాన్ని తీసెయ్య. మిషనొచ్చినా ఏదో పని చెప్త. గని నేనెన్ని రోజులుంట, నువ్వెన్ని రోజులుంటవ్? వానికి సదరం సర్టిఫికెట్ తియ్యి. సర్కారు పింఛనొస్తది. నీ పీఎఫ్ పింఛన్ గూడ మీ ఇద్దరి తర్వాత వానికి రావాల్నంటే గదే కావాలె."

"మావోడు వికలాంగుడంటున్నవా?" అన్నాను.

అతను టీ తాగాడు. లోపల్నుంచి మా ఆవిడ గొంతు వినబడింది. "మీసేవల స్లాట్ బుక్ చేసిన. సంగారెడ్డిల క్యాంపు. నువ్వు రాకుంటె నేను దీస్కపోత."

నేనే తీసుకెళతానన్నాను. ఆడిట్ అన్నాక ఊరుకోగలనా? వారం ముందునుంచీ మావాణ్ణి కూర్చోబెట్టాను. ఎందుకు వెళుతున్నామో తెలుసు. అక్కడ వాడు ఓడితేనే మేము గెలిచినట్టని కూడా తెలుసు. అయినా నా నోరు దాని పని అది చేసుకుపోయింది. నమస్కారం ఇలా పెట్టు, సూటిగా చూడు, చొక్కా గుండీ పెట్టుకో.

క్యాంపులో ఒక సారు వాడిని కొన్ని అడిగి, తర్వాత నన్ను అడిగాడు. ఇలాంటివాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లు చెప్పేది కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఒక్కడే బస్సెక్కుతాడా? ఎక్కుతాడు సార్. ఎక్కించేది నేనని చెప్పలేదు. పనికి వెళ్తాడా? ప్యాకింగ్‌లో ఉన్నాడు సార్. టైం చూస్తాడా? చూడడమేమిటి సార్, నిమిషాలతో సహా చెప్తాడు. నా జవాబులు చిన్నగా, శుభ్రంగా వచ్చాయి. బయటికి వచ్చాక ఇద్దరం జిలేబీ తిన్నాం. ఆ రోజు నేను సంతోషంగా ఉన్నాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ, నిజంగానే చాలా సంతోషంగా ఉన్నాను.

పింఛనుకు కావలసినంత వైకల్య శాతం రాలేదు. మా ఆవిడ ఆ కాయితం చూసి, "వాళ్లేం అడిగిండ్రు, నువ్వేం చెప్పినవ్?" అంది. చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను.

"మనం సచ్చినంక నీ జవాబులు వానికి బువ్వ పెడ్తయా?" అంది. తర్వాత చాలా రోజులు నాతో అవసరమైనంతే మాట్లాడింది.

మళ్లీ దరఖాస్తు పెట్టింది ఆవిడే. ఈసారి వాడికి ఒక్క మాట కూడా నేర్పొద్దని నాకు గట్టిగా చెప్పింది. సరేనన్నాను. క్యాంపు రేపనగా మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే, మావాణ్ణి అరుగు మీదికి పిలిచాను.

"రేపు టైమెంత అని అడిగితే తెల్వదను."

వాడు నన్ను విచిత్రంగా చూశాడు. "తెల్వదనొద్దని నువ్వే చెప్పినవ్ గద బాపు."

"రేపొక్కరోజు అను."

"తప్పు గాదా?"

ఉద్యోగమంతా తెలియనివాళ్ల చేత తెలిసినట్టు చెప్పించాను. ఇప్పుడు తెలిసిన కొడుకు చేత తెలియదని చెప్పించబోతున్నాను, అదీ పింఛను కోసం. అప్పుడు నేను అలాగే అనుకున్నాను. సిగ్గేసి, పోయి ఆడుకో అన్నాను, ముప్పై దాటినవాడిని.

మర్నాడు ముగ్గురం వెళ్లాం. మా ఆవిడ ఏదో కాయితం జిరాక్సు తేవాలని బయటికి వెళ్లింది. ఈసారి గదిలో ఒక సైకాలజిస్టు అమ్మాయి ఉంది. చిన్న వయసే. మావాడితో పాటు నేనూ లోపలికి వెళ్లబోతే, "అంకుల్, మీరు కాసేపు బయట కూర్చోండి, తర్వాత పిలుస్తాను" అంది. గుమ్మానికి తలుపు లేదు, తెర ఉంది. నేను తెర పక్క బల్ల మీద కూర్చున్నాను.

పేరు, ఊరు అడిగింది. గడగడా చెప్పాడు. నాకు తెలియకుండానే నా పెదాలు కదులుతున్నాయి. తర్వాత ఆ అమ్మాయి అడిగింది.

"మంచి వాచీ పెట్టుకున్నావే. టైమెంతైంది?"

నేను తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"నీళ్లు తాగొచ్చి చెప్త మేడం."

"నీళ్లు ఇక్కడే ఉన్నాయి, తాగు."

తాగినట్టున్నాడు. గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"మా బాపును అడిగి చెప్త."

"బాపు ఇక్కడ లేరు కదా. నువ్వు చెప్పు, తప్పయినా ఫరవాలేదు."

మావాడి గొంతు బాగా తగ్గింది. "మేడం, మా బాపుకు చెప్తవా?"

"చెప్పను."

"నాకు గడియారం సూసుడు రాదు."

"మరి వాచీ ఎందుకు పెట్టుకున్నావు?"

"బాపు కొనిచ్చిండు. రోజు అడుగుతడు. నేను నీళ్లు తాగెతందుకు లోపలికి పోత, అమ్మ చెప్తది. గదే వచ్చి చెప్త. బాపు ఖుష్ అయితడు."

"నిజం చెప్తే బాపు కొడతారా?"

"లే లే. గిప్పుడు కొట్టడు. పరేషానైతడు. ఆయన గుండెల స్ప్రింగ్ ఏసిండ్రు మేడం, పరేషాన్ కావద్దు."

నేను లేచి వెళ్లిపోదామనుకున్నాను. కానీ అక్కడే కూర్చున్నాను.

ఆ అమ్మాయి రెండో ప్రశ్న అడిగింది. "ఇంకా ఏమేం రావు నీకు?"

మావాడు చెప్పడం మొదలుపెట్టాడు. బస్సు మీద రాసింది చదవరాదు, బాపు ఎక్కిస్తే ఎక్కుతాను, దిగేచోట షెడ్డు చిన్నాయన నిలబడి ఉంటాడు. పెట్టెలు లెక్కపెట్టరాదు, పక్కన కూర్చునే అక్క లెక్కపెడుతుంది. రోడ్డు దాటాలంటే భయం. చెబుతున్నకొద్దీ వాడి గొంతు తేలికవుతోంది. మధ్యలో ఒకసారి నవ్వాడు కూడా. వాడు అన్ని మాటలు వరసగా మాట్లాడగా నేను ఇంట్లో వినలేదు.

అక్కడ కూర్చునే నాకు అర్థమైంది. మా ఇంట్లో ఆడిటర్ని నేనే. నేను వచ్చే వేళకు వాళ్లిద్దరూ ఇల్లు సర్దుకుని, జవాబు తయారుగా పెట్టుకుని, ముఖాలకు రంగేసుకుని నిలబడేవాళ్లు. నేను సంతృప్తిగా తలూపి చొక్కా విప్పుకునేవాణ్ణి. నా కొడుకు నా దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క విద్యను నా మీదే, నా కోసమే వాడాడు. ఉద్యోగంలో తిట్లు తిన్నాను, మెమోలు తీసుకున్నాను. అంత సిగ్గు మాత్రం ఎప్పుడూ పడలేదు.

నన్ను లోపలికి పిలిచింది. ఏమీ విననట్టు వెళ్లి కూర్చున్నాను. మావాడిని బయట కూర్చోమంది. అవే ప్రశ్నలు. ఒక్కడే బస్సెక్కుతాడా? లేదమ్మా, నేను ఎక్కిస్తా. టైం చూస్తాడా? చూడలేడమ్మా. లెక్కపెడతాడా? పెట్టలేడు. ఆ అమ్మాయి వాడు చెప్పినదేదీ నాకు చెప్పలేదు. మాట నిలబెట్టుకుంది. మా ఆవిడ జిరాక్సులు పట్టుకుని వచ్చేసరికి నేను కళ్లు తుడుచుకుంటున్నాను.

ఇంటికి వచ్చాక, మావాడు టీవీ ముందు కూర్చున్నాక, వంటింట్లోకి వెళ్లి, "నీళ్ల ముచ్చట నాకెందుకు చెప్పలే?" అన్నాను.

ఆవిడ ఉల్లిగడ్డ కోస్తూ తలెత్తలేదు. "చెప్తే ఏం చేస్తుంటివి? మళ్ల అట్టముక్క తీస్తుంటివి. పోరగాడు మళ్ల దెబ్బలు తింటుండె." కోసిన ముక్కలు పక్కకు జరిపి అంది. "నీ మొఖం గూడ గా ఒక్క యాల్లనే వెలుగుతుండె. నాకు గూడ పాపమనిపించింది."

కొన్ని వారాలకు ఫోనుకు మెసేజ్ వచ్చింది. సర్టిఫికెట్ మంజూరైంది. కావలసినదానికంటే ఎక్కువ శాతమే వచ్చింది. మా ఆవిడ ఫోను కళ్లకద్దుకుంది. నేను మొదట తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. మేం పోయాక వాడు అన్నానికి ఒకరి గుమ్మం ముందు నిలబడక్కర్లేదు, అది చాలు అనిపించింది. ఆ వెంటనే, కన్నతండ్రినై ఉండి వాడి మీద ఫిర్యాదు ఇచ్చి గెలిచినట్టు అనిపించింది. ఆ తర్వాత వచ్చిన ఆలోచన ఇంకా నీచమైనది. పాత షిఫ్టువాళ్లకు తెలిస్తే ఏమనుకుంటారు అని. కొడుకు బతుక్కి ఒక ఆధారం దొరికిన రోజున కూడా నా కంటికి ముందు కనిపించింది క్యాంటీన్. మా ఆవిడ సాయంత్రం గిన్నెలు తోముతూ, "మంచే జరిగింది. గని వాని పేరు పక్కన వికలాంగుడన్న మాట సూడబుద్ధి గాలే" అంది. ఆవిడ బాధ శుభ్రమైనది. నాది అలాంటిది కాదు.

మావాడికి ఏం చెప్పాలో తెలియక, సర్కారు నీకు నెలనెలా పైసలిస్తుంది అని మాత్రం చెప్పాను. ఎందుకని వాడు అడగలేదు. షెడ్డులో అక్కకు గాజులు కొనాలి అన్నాడు.

మొదటి పింఛను తీసుకోవడానికి పోస్టాఫీసుకు ఇద్దరం వెళ్లాం. వాడు తన పేరు పెద్ద అక్షరాలతో సంతకం చేశాడు, అది వాడికి నిజంగానే వచ్చు. తిరిగి వస్తూ బస్టాప్‌లో నిలబడ్డాం. కూరగాయల గంప పక్కన పెట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. మావాడి చేతికి గడియారం చూసి, "జోగిపేట బస్సు పోయినట్టుంది. టైమెంతైంది కొడుకా?" అంది.

వాడు గడియారం వైపు శ్రద్ధగా చూశాడు. నీళ్ల కోసం అటూ ఇటూ చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. అన్నేళ్లూ ఆ చూపు నా ఎదుటే ఉంది.

"మావోనికి గడియారం సూసుడు రాదు పెద్దమ్మా," అని నేనే టైం చెప్పాను. నలుగురూ ఉన్నచోట ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆమె, "అట్లనా బిడ్డా" అని గంప సర్దుకుంది. ఆమెకు అది పెద్ద సంగతేం కాదు.

మావాడు మాత్రం బిక్కచచ్చిపోయాడు. నా చెయ్యి పట్టుకుని కాస్త పక్కకు లాగాడు.

"బాపు, నీకెవరు చెప్పిండ్రు? గా మేడమా?"

"మేడం ఏం చెప్పలే. నాకు ఎర్కనే."

"ఎప్పటిసంది?"

ఇక్కడ నేను కావాలంటే ఏదైనా చెప్పవచ్చు. కానీ తెర పక్క కూర్చున్న రోజునుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. నీళ్లు తాగొస్తానని వాడు లేచినప్పుడల్లా నేను చెప్పుల వైపే చూసేవాణ్ణి, వంటింటి వైపు చూసేవాణ్ణి కాను. లోపల గుసగుస వినపడకుండా గట్టిగా దగ్గేవాణ్ణి.

"మొదటిసంది," అన్నాను.

వాడు చాలాసేపు ఆలోచించాడు. నుదురు ముడిపడింది. వాడికి కోపం రాలేదు, నిజంగానే అర్థం కాలేదు.

"ఎర్క ఉంటె మరి రోజు ఎందుకు అడుగుతుంటివి బాపు?"

ఎందరికో జవాబులు తయారు చేసి ఇచ్చాను. బస్సు మలుపు తిరిగి వస్తోంది.

"అమ్మనడిగి చెప్త కొడుకా," అన్నాను.

వాడు సరేనని తలూపాడు. ఆ జవాబుకు ఎదురు ప్రశ్న ఉండదని వాడికి తెలుసు. నేనే నేర్పాను.